మార్కుల వెనుక మనసు: పాఠశాల మనస్తత్వ నిపుణుల పాత్ర



మన ట్రస్టు ఉపకార వేతనాల దరఖాస్తులు పరిశీలించే సంఘంలో నేను కొన్నేళ్ళుగా పని చేస్తున్నాను. కొత్త దరఖాస్తుల కంటే పునరుద్ధరణ దరఖాస్తుల దగ్గరే మాకు ఎక్కువ ఆలోచన పడుతుంది. కిందటి ఏడు 78 శాతం తెచ్చుకున్న విద్యార్థి ఈ ఏడు 49 శాతంతో వస్తాడు. నిబంధన 60 శాతం. కాగితం మీద చూస్తే దరఖాస్తు పక్కన పెట్టడం ఒక్క నిమిషం పని. కానీ ఏడాదిలో 29 శాతం ఎక్కడికి పోయింది అనే ప్రశ్నకు ఆ కాగితంలో గడి లేదు.

నేను వాణిజ్య శాస్త్రం చదివి, బ్యాంకులో గుమాస్తాగా పని చేసి రిటైరయినవాణ్ణి. మా కాలంలో లెడ్జర్లు చేత్తోనే రాసేవాళ్ళం. ట్రయల్ బ్యాలెన్సు కుదరకపోతే వోచర్లు ఒక్కొక్కటే తిరగేసేవాళ్ళం. తేడా మొత్తం 9తో శేషం లేకుండా భాగింపబడితే ఎక్కడో రెండు అంకెలు తారుమారయ్యాయని అనుమానించేవాళ్ళం. 63 వేయవలసిన చోట 36 వేస్తే తేడా 27 వస్తుంది. తేడా కనిపించగానే మొదట చేసే పని వెతకడం. పిల్లల మార్కుల్లో తేడా వస్తే మాత్రం మనం వెతకం. తిడతాం, పక్కింటి పిల్లవాడితో పోలుస్తాం, ట్యూషన్ మారుస్తాం. "దండం దశగుణం భవేత్" అనే మాట మన పెద్దల నోట ఇంకా పోలేదు.

పిల్లల చదువులో ఆ వెతికే పనిని శాస్త్రీయంగా నేర్చుకున్నవారు ఉన్నారు. వారే పాఠశాల మనస్తత్వ నిపుణులు, అంటే స్కూల్ సైకాలజిస్టులు. వారు ఎవరు, ఏం చేస్తారు, మనవంటి కుటుంబాలకు వారి అవసరం ఎందుకు ఎక్కువ అనేది ఈ వ్యాసంలో తెలుసుకుందాం. నేను ఆ శాస్త్రం చదివినవాణ్ణి కాను. చదివి తెలుసుకున్నవీ, మన విద్యార్థుల కుటుంబాల వెంట వెళ్ళి చూసినవీ రాస్తున్నాను.

ఎవరు ఎవరు?

మన హోసూరు ప్రాంతంలో "పిల్లవాణ్ణి కౌన్సెలర్‌కు చూపించండి" అంటే "వార్డు కౌన్సిలర్‌తో ఏం పని సార్?" అని అడిగినవారున్నారు. కాబట్టి ముందుగా పేర్లు తేల్చుకుందాం.

కౌన్సెలర్ పిల్లలతో మాట్లాడి, వారి ఇబ్బంది విని, దారి చూపేవారు. బడిలో అందరికంటే ముందు అందుబాటులో ఉండేది వీరే.

సైకాలజిస్టు మనస్తత్వ శాస్త్రం చదివినవారు. పిల్లల నేర్చుకునే శక్తి, జ్ఞాపకం, శ్రద్ధ, ప్రవర్తన ఎలా ఉన్నాయో పరీక్షల ద్వారా అంచనా వేస్తారు. మందులు రాయరు. క్లినికల్ సైకాలజిస్టు అయితే భారత పునరావాస మండలి దగ్గర నమోదై ఉండాలి. ఆ నమోదు సంఖ్య అడగడం తప్పు కాదు, మన హక్కు.

సైకియాట్రిస్టు ఎం.బి.బి.ఎస్. తరువాత మనోవైద్యం చదివిన డాక్టరు. అవసరమైతే మందులు ఇస్తారు.

స్పెషల్ ఎడ్యుకేటర్ ప్రత్యేక పద్ధతుల్లో చదువు చెప్పడంలో శిక్షణ పొందిన ఉపాధ్యాయులు.

పాఠశాల మనస్తత్వ నిపుణులు వీరందరి మధ్య వంతెన వంటివారు. ఉపాధ్యాయుడు చెప్పినది, తల్లి చెప్పినది, పిల్లవాడు చెప్పనిది, మూడూ కలిపి చూస్తారు. అమెరికాలోని వారి జాతీయ సంఘం ప్రతి 500 మంది విద్యార్థులకు ఒక నిపుణుడు ఉండాలని సూచించింది. మన దేశంలో చాలా బడుల్లో ఈ పని కౌన్సెలరో, బయటి సైకాలజిస్టో చేయవలసి వస్తోంది.

ఈ వృత్తి ఎలా పుట్టింది?

1896లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో లైట్నర్ విట్మర్ అనే ఆచార్యుడి దగ్గరకు ఒక బడి పంతులమ్మ పద్నాలుగేళ్ళ విద్యార్థిని తీసుకువచ్చింది. మిగతా విషయాల్లో పరవాలేదు కానీ అక్షరక్రమం ఎంత చెప్పినా రావడం లేదని ఆమె బాధ. విట్మర్ అతన్ని పరీక్షించి చూస్తే కంటి చూపులో దోషం ఉందని తేలింది. కళ్ళద్దాలు పెట్టించి, ఆపైన చదవడంలో ప్రత్యేక శిక్షణ ఇప్పించారు. ప్రపంచంలో మొదటి మనస్తత్వ చికిత్సాలయంగా చెప్పుకునేది ఆ ఏడాది అలా మొదలైంది. మొదటి కేసు బడి పిల్లవాడిది, మొదటి సాయం కళ్ళద్దాలు. ఇది గుర్తుంచుకోదగిన సంగతి.

1905లో ఫ్రాన్సులో ఆల్‌ఫ్రెడ్ బినే, థియొడోర్ సిమోన్ కలిసి పిల్లల బుద్ధిని కొలిచే పరీక్షను తయారు చేశారు. బడిలో ఎవరికి అదనపు సాయం కావాలో తెలుసుకోవడం దాని ఉద్దేశం. బుద్ధి పుట్టుకతో గీసిన గీత అని బినే ఒప్పుకోలేదు. శిక్షణతో పెరుగుతుందనే ఆయన నమ్మకం. తరువాతి కాలంలో ఆ అంకెను పట్టుకుని పిల్లల నుదుట ముద్ర వేసినవారు చాలామంది. ఆ ముద్ర ఆయన కోరినది కాదు.

మన దేశంలో 1947లో అలహాబాదులో (నేటి ప్రయాగ్‌రాజ్) ప్రభుత్వ మనస్తత్వ కేంద్రం ఏర్పడింది. 1952–53లో డాక్టర్ ఎ. లక్ష్మణస్వామి మొదలియార్ అధ్యక్షతన పని చేసిన మాధ్యమిక విద్యా కమిషన్, బడుల్లో విద్యార్థులకు మార్గదర్శక సేవలు ఉండాలని సిఫారసు చేసింది. అంటే ఇది నిన్న మొన్న పట్టణాల్లో పుట్టిన సరదా కాదు. డెబ్బై ఏళ్ళ కిందటే పెద్దలు అడిగిన సౌకర్యం.

నిపుణులు చేసే పని, మెట్టు మెట్టుగా

1. ముందు ఒంటి సంగతి. చూపు, వినికిడి, రక్తహీనత, నిద్ర. వెనుక బెంచీకి మారిన పిల్లకు బోర్డు కనిపించకపోతే అది మనోవ్యాధి కాదు. ఈ పరీక్షలు అయిన తరువాతే మిగతావి.

2. అందరినీ వినడం. ఉపాధ్యాయులను ఎప్పటి నుంచి, ఏ పాఠంలో అని అడుగుతారు. తల్లిదండ్రులను పుట్టుక, మాటలు వచ్చిన వయసు, ఇంటి పరిస్థితి అడుగుతారు. పిల్లవాడితో విడిగా మాట్లాడతారు. ఆ సమయంలో తండ్రి పక్కనే కూర్చుని జవాబులు అందించకూడదు.

3. నోటుపుస్తకాలు చూడడం. మార్కుల జాబితా ఎంత తగ్గిందో చెబుతుంది. నోటుపుస్తకం ఎక్కడ తగ్గిందో చెబుతుంది.

4. అవసరమైతే పరీక్షలు. బుద్ధి పరీక్షల్లో సగటు 100గా లెక్కిస్తారు. 70 నుంచి 85 మధ్య వచ్చినవారు నిదానంగా నేర్చుకునేవారు. 70కి తక్కువ వచ్చినంత మాత్రాన వెంటనే ముద్ర వేయరు. పిల్లవాడు రోజువారీ పనులు ఎలా చేసుకుంటున్నాడో కూడా చూస్తారు.

5. ప్రణాళిక. ఇదే అసలైన మెట్టు. బడిలో ఏం మారాలి, ఇంట్లో ఏం మారాలి, ఎన్ని వారాల తరువాత మళ్ళీ చూడాలి అని కాగితం మీద రాసి ఇవ్వాలి. ప్రణాళిక లేని రిపోర్టు వోచరు లేని ఎంట్రీ వంటిది.

మన పిల్లలకు భాష అనే అదనపు మెట్టు

మన ఊళ్ళలో ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, సంతలో కన్నడం, ఉద్యోగానికి ఇంగ్లీషు. డెంకణికోట, బాగలూరు, బేరికె, శూలగిరి పక్క పల్లెల్లో పిల్లలు ఐదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి, ఆరులో మాధ్యమం మారడం మామూలే. తమిళనాడులో 2006లో వచ్చిన చట్టం తమిళాన్ని ఒకటో తరగతి నుంచి దశలవారీగా తప్పనిసరి చేసింది. అది 2015–16లో పదో తరగతికి చేరింది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు మినహాయింపు కోసం న్యాయస్థానాల దాకా వెళ్ళవలసి వచ్చింది. కర్ణాటకలో కూడా 2015లో కన్నడ అభ్యసన చట్టం వచ్చింది. ఉన్న రాష్ట్రపు భాష నేర్చుకోవడం మంచిదే, అవసరమే. కానీ ఆ మార్పు సమయంలో పిల్లవాడి మనసులో ఏం జరుగుతోందో చూసేవారు ఉండాలి.

నాలుగేళ్ళ కిందట మన విద్యార్థిని ఒకమ్మాయి ఆరో తరగతిలో తమిళ మాధ్యమంలో చేరింది. ఐదో తరగతి దాకా లెక్కల్లో ముందుండే పిల్ల. అర్ధసంవత్సర పరీక్షలో నూటికి 17 వచ్చాయి. బడివారు తండ్రిని పిలిచి, "మీ అమ్మాయికి బుద్ధి ఎదగలేదు, ప్రత్యేక బడిలో వేసుకోండి" అన్నారు. ఆయన టమాటా, గులాబీ వేసే రైతు. తెలుగు తెలిసిన సైకాలజిస్టు బెంగళూరులో ఒక ఆసుపత్రిలో ఉన్నారని తెలిసి, ఫారాలు నింపడానికి తోడుగా నేను కూడా వెళ్ళాను. బస్సులో ఆయన అడిగిన మాట ఇది: "అయ్యా, పిచ్చాసుపత్రికి బిడ్డను పిలుచుకుపోయినానని ఊర్లో తెలిస్తే రేపు దీనికి సంబంధం ఎవరిస్తారు?"

ఆ నిపుణురాలు ముందు కళ్ళు, చెవులు చూపించుకు రమ్మన్నారు. రెండూ బాగున్నాయి. తరువాత అమ్మాయిని తెలుగులో పలకరించి, లెక్కలన్నీ తెలుగులో అడిగారు. బుట్టల లెక్క, బస్సు చార్జీల లెక్క, వడ్డీ లెక్క, అన్నీ నోటితోనే చెప్పింది. తరువాత అవే లెక్కలున్న తమిళ పాఠ్యపుస్తకం ముందు పెట్టారు. పిల్ల ఆగిపోయింది. తీసివేతను తమిళంలో "కళిత్తల్" అంటారు, గుణకారాన్ని "పెరుక్కల్" అంటారు, భాగహారాన్ని "వగుత్తల్" అంటారు. వీధిలో ఆడుకునే తమిళం ఆమెకు వచ్చు. పుస్తకంలోని తమిళం రాదు. లెక్క తెలియక కాదు, మాట తెలియక ఆగింది.

రిపోర్టులో ఆమె రాసిన సూచనలు నాలుగు. లెక్కలు, సైన్సులో వచ్చే ముఖ్యమైన మాటలు తెలుగు–తమిళం రెండు వరుసల్లో రాసి నోటుపుస్తకానికి అంటించాలి. అమ్మాయిని ముందు బెంచీలో కూర్చోబెట్టాలి. ఆరు నెలలు వారానికి ఒకసారి నోటితో ప్రశ్నలు అడగాలి. ప్రత్యేక బడి అక్కర లేదు. బడిలో ఒక లెక్కల మాస్టారు ఈ సూచనలను శ్రద్ధగా అమలు చేశారు. ఆ అమ్మాయి ఇప్పుడు పదో తరగతి. లెక్కల్లో 70 దాటుతోంది. తమిళంలో ఇంకా కష్టపడుతూనే ఉంది. ఆ రోజు ప్రత్యేక బడికి పంపి ఉంటే ఆ పిల్ల బతుకు ఏ దారి పట్టేదో మీరే ఆలోచించండి.

కాబట్టి ప్రతి తల్లిదండ్రులకు నా మనవి. మీ బిడ్డకు బుద్ధి పరీక్ష చేస్తామంటే మొదటి ప్రశ్న "ఏ భాషలో చేస్తారు?" అని అడగండి. మన దేశంలో వాడే పరీక్షల్లో కొన్నింటిని ఒక ప్రాంతపు పిల్లలను, వారి భాషను దృష్టిలో పెట్టుకుని మలిచారు. వి.వి. కామత్ గారు బినే పరీక్షను కన్నడ, మరాఠీ పిల్లల కోసం మార్చారు. అది ఆ పిల్లలకు మేలు చేసింది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లకు తెలియని భాషలో పరీక్ష పెడితే కొలిచేది భాషనే కానీ బుద్ధిని కాదు. తెలుగు తెలిసిన నిపుణులు దొరకకపోతే, బొమ్మలతో, చెక్కముక్కలతో చేసే మాటలు లేని పరీక్షలు ఉన్నాయి. అవి కూడా చేయమని అడగవచ్చు.

అంకెలు, అక్షరాలు తారుమారైతే

అన్ని కేసులూ భాషవి కావు. కొందరు పిల్లలు ఏ భాషలోనైనా అక్షరాలు తప్పుగా చదువుతారు, 63ను 36 అని రాస్తారు, బోర్డు మీద ఉన్నది దించుకోవడానికే గంట పడుతుంది. నోటితో అడిగితే అన్నీ చెబుతారు. దీన్ని నిర్దిష్ట అభ్యసన వైకల్యం అంటారు. చదవడంలో వచ్చే దాన్ని డిస్లెక్సియా అంటారు. 2007లో వచ్చిన "తారే జమీన్ పర్" హిందీ సినిమా చూసినవారికి ఇది తెలిసే ఉంటుంది. ఇది సోమరితనం కాదు, తెలివి తక్కువతనం అంతకన్నా కాదు.

భాష మార్పు వల్ల వచ్చిన ఇబ్బందికీ దీనికీ తేడా ఎలా తెలుస్తుంది? నిపుణులు ఇంటి భాషలోనూ, బడి భాషలోనూ చదివించి చూస్తారు. ఒక్క భాషలోనే ఇబ్బంది ఉంటే భాష కారణం కావచ్చు. రెండింట్లోనూ నేర్పిన తరువాత కూడా ఇబ్బంది ఉంటే లోతుగా చూడాలి. చిన్న పిల్లలు అక్షరాలు తిప్పి రాయడం సహజం కనుక సుమారు ఎనిమిదేళ్ళు వచ్చేదాకా గట్టిగా నిర్ధారణ చేయరు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఇది కూడా ఉంది. 1995 నాటి పాత చట్టంలో ఏడు మాత్రమే ఉండేవి, ఇది లేదు. ప్రభుత్వం గుర్తించిన వైద్య బృందం సర్టిఫికెట్ ఇస్తే బోర్డు పరీక్షల్లో సదుపాయాలు దొరుకుతాయి. ఉదాహరణకు సి.బి.ఎస్.ఇ. పరీక్షల్లో గంటకు 20 నిమిషాల చొప్పున, మూడు గంటల పరీక్షకు ఒక గంట అదనపు సమయం ఇస్తారు. రాసిపెట్టే మనిషిని కూడా కోరవచ్చు. రాష్ట్ర బోర్డుల నిబంధనలు వేరుగా ఉంటాయి కనుక ప్రధానోపాధ్యాయులను అడిగి తెలుసుకోవాలి. పదో తరగతి పరీక్షకు నెల ముందు పరుగెత్తితే పని కాదు. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లోనే మొదలుపెట్టాలి.

భయం, దిగులు, మౌనం

నిమ్హాన్స్ సంస్థ 2015–16లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13–17 ఏళ్ళ వయసువారిలో సుమారు 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. అంటే 40 మంది ఉన్న తరగతిలో దాదాపు ముగ్గురు. బోర్డు పరీక్షలు, నీట్, ఇంజనీరింగు ప్రవేశ పరీక్షలు, అప్పు చేసి కట్టిన ఫీజు, ఇంట్లో తాగుడు, గొడవలు, ఇవన్నీ పిల్లల మీదే పడతాయి. "నాన్న ఇంత ఖర్చు పెట్టారు" అనే మాట మంచి పిల్లలకే ఎక్కువ బరువు.

ఈ గుర్తులు రెండు వారాలకు మించి కనిపిస్తే నిపుణులను కలవాలి: నిద్ర, తిండి బాగా తగ్గడం లేదా పెరగడం, ఇష్టమైన ఆట మానేయడం, స్నేహితులకు దూరంగా ఉండడం, బడి అనగానే కడుపునొప్పి, కారణం లేని ఏడుపు, విపరీతమైన కోపం. "నేను లేకపోతే మీకు భారం తగ్గుతుంది" వంటి మాట వస్తే రెండు వారాలు ఆగకూడదు. ఆ రోజే సాయం కోరాలి. పిల్లను ఒంటరిగా వదలకూడదు. "చనిపోవాలని అనిపిస్తోందా అమ్మా?" అని మెల్లగా, నేరుగా అడగవచ్చు. అడిగితే లేని ఆలోచన పుడుతుందనేది అపోహ. అడిగినందువల్ల బరువు దిగిన పిల్లలే ఎక్కువ.

విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న 17 ఏళ్ళ విద్యార్థిని 2023లో మరణించింది. ఆ కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులు ఉన్న ప్రతి విద్యాసంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్, సైకాలజిస్టు లేదా సోషల్ వర్కర్ కనీసం ఒకరు ఉండాలి. అంతకంటే చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. మార్కులను బట్టి పిల్లలను వేరు వేరు బ్యాచీలుగా విడదీయడం, అందరి ముందు అవమానించడం మానుకోవాలి. సహాయ ఫోన్ నంబర్లు తరగతుల్లో, హాస్టళ్ళలో పెద్ద అక్షరాలతో పెట్టాలి. అంతకుముందే 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షను పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. మీ పిల్లల బడిలో కౌన్సెలర్ ఎవరో తల్లిదండ్రుల సమావేశంలో మర్యాదగా అడగండి. అడిగేవారు ఉంటేనే ఆదేశాలు కాగితం దిగి బడిలోకి వస్తాయి.

తల్లిదండ్రులు నన్ను అడిగే ప్రశ్నలు

"సైకాలజిస్టుకు చూపిస్తే పిచ్చి అన్నట్టేనా?" కాదు. పైన చెప్పిన రైతు బిడ్డకు ఏ జబ్బూ లేదు. ఆమెకు దొరికింది మందుబిళ్ళ కాదు, మాటల పట్టిక.

"విషయం ఊరంతా తెలుస్తుందా?" పిల్లవాడు చెప్పినది గోప్యంగా ఉంచడం నిపుణుల ధర్మం. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా గోప్యతను హక్కుగా గుర్తించింది. ప్రాణానికి ముప్పు ఉన్నా, పిల్లల మీద లైంగిక వేధింపు జరిగినా మాత్రం దాచరు. రెండో సందర్భంలో 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలియజేయడం తప్పనిసరి. ఇది పిల్లల రక్షణ కోసమే.

"ఒకసారి వెళితే బాగవుతుందా?" అరుదుగా. చదువు లాగానే దీనికి కూడా కొన్ని నెలలు పడుతుంది. రెండుసార్లు వెళ్ళి మానేసి "లాభం లేదు" అనకూడదు.

"మా పిల్లవాడు మాతోనే అన్నీ చెబుతాడు, బయటివారెందుకు?" చెబితే చాలా సంతోషం. కానీ మన గురించే అయిన బాధను మనతో చెప్పడం ఏ బిడ్డకైనా కష్టం.

బడిలో నిపుణులు లేకపోతే ఎక్కడికి?

మొదటిది, 14416. ఇది కేంద్ర ప్రభుత్వపు టెలి మానస్ సేవ. 2022 అక్టోబరు 10న మొదలైంది. ఉచితం, 24 గంటలూ పని చేస్తుంది. తెలుగు, తమిళం, కన్నడంతో సహా అనేక భాషల్లో మాట్లాడవచ్చు. పేద, ధనిక తేడా లేదు, బస్సు చార్జీ కూడా అక్కర లేదు.

రెండవది, ప్రభుత్వ బడులకు, అంగన్‌వాడీలకు వచ్చే ఆరోగ్య తనిఖీ బృందాలు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళ వరకు పిల్లలను చూస్తారు. చూపు, వినికిడి, ఎదుగుదల లోపాలు కనిపిస్తే జిల్లా స్థాయి కేంద్రానికి పంపిస్తారు. బృందం వచ్చిన రోజున పిల్లను బడి మాన్పించకండి.

మూడవది, పెద్ద సంస్థలు. మనకు దగ్గరలో బెంగళూరులో హోసూరు రోడ్డు మీదే నిమ్హాన్స్ ఉంది. అక్కడ పిల్లలకు ప్రత్యేక విభాగం ఉంది. సికింద్రాబాదులో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ బుద్ధి మాంద్యం ఉన్న పిల్లల కోసం పని చేస్తోంది. తెలుగులో మాట్లాడవచ్చు. ఆంధ్ర, తెలంగాణల్లో బంధువులున్నవారికి ఇది సౌకర్యం.

నాలుగవది, 1098. పిల్లల మీద హింస, వేధింపు, బాల కార్మికం వంటివి ఉంటే ఈ నంబరుకు ఫోను చేయవచ్చు. పిల్లలే స్వయంగా చేయవచ్చు.

వెళ్ళేటప్పుడు వెంట తీసుకువెళ్ళవలసినవి: గత మూడేళ్ళ మార్కుల జాబితాలు, రెండు మూడు నోటుపుస్తకాలు, కళ్ళు–చెవుల పరీక్షల కాగితాలు, ఉపాధ్యాయుడు రాసిన ఒక పేజీ ఉత్తరం, పిల్ల చదివిన మాధ్యమాలు ఏ ఏడాది మారాయో ఒక చీటీ. మన పిల్లలకు ఈ చివరి చీటీ చాలా ముఖ్యం.

ట్రస్టు సభ్యులకు ఒక మనవి

పునరుద్ధరణ దరఖాస్తులో ఒక చిన్న గడి చేర్చాలని నేను సంఘానికి రాతపూర్వకంగా కోరాను. మార్కులు 15 శాతానికి మించి తగ్గిన విద్యార్థికి మొదటి ఏడాది వేతనం ఆపకుండా, కారణం కనుక్కోవడానికి ఆరు నెలలు గడువు ఇవ్వాలని నా సూచన. ఆ ఆరు నెలల్లో బడి కౌన్సెలర్ లేదా ప్రభుత్వ ఆసుపత్రి నిపుణుల నుంచి "చూశాము" అనే చీటీ ఒక్కటే అడగాలి. కారణం ఏమిటో ట్రస్టుకు చెప్పనక్కరలేదు, అది ఆ కుటుంబపు స్వంత విషయం. నిధులు పరిమితం కనుక నిబంధన ఉండవలసిందే. కానీ కష్టంలో ఉన్న పిల్లకు సాయం ఆపేది సరిగ్గా ఆ కష్టపు ఏడాదిలోనే అయితే మనం పెట్టిన పేరు, "విద్యార్థి సంక్షేమం", ఎవరికి వర్తిస్తుంది? సభ్యులు తమ అభిప్రాయాలు కార్యాలయానికి రాయగోరుతున్నాను.

గుర్తుంచుకోవలసిన విషయాలు

1. మార్కులు తగ్గడం ఒక గుర్తు మాత్రమే, కారణం వెతకాలి.
2. ముందు చూపు, వినికిడి పరీక్షలు.
3. పరీక్ష ఏ భాషలో చేస్తారో అడగాలి.
4. రిపోర్టులో ప్రణాళిక ఉండాలి.
5. చావు మాట వస్తే అదే రోజు 14416.

విద్యార్థులకు ఇంటిపని

మీ బడి కౌన్సెలర్ పేరు, కూర్చునే గది, దొరికే సమయం తెలుసుకుని నోటుపుస్తకం మొదటి పేజీలో రాసుకోండి. లేకపోతే 14416 రాసుకోండి. ఈ ఏడు మీరు కొత్తగా నేర్చుకున్న పాఠ్య పదాలు పదింటిని బడి భాషలోనూ, తెలుగులోనూ రెండు వరుసల్లో రాయండి. తెలుగు మాట తెలియకపోతే ఇంట్లో అవ్వనో తాతనో అడగండి. మీ తరగతిలో మౌనంగా మారిన స్నేహితుడు ఎవరైనా ఉంటే, రేపు భోజనం వేళ అతని పక్కన కూర్చోండి.